నాకు అక్కర్లేదన్న పరీక్ష

మొన్న జగదల్‌పూర్ నుంచి కొంటా వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలావిడ కొంగు ముడి విప్పి, ఒక లవంగం తీసి బుగ్గన పెట్టుకుంది. కిటికీ తెరిచే ఉన్నా ఆ ఘాటు వచ్చి నా ముక్కుకు తగిలింది. అంతే, డాక్టర్ వసుంధర గారు గుర్తొచ్చారు. గుర్తొచ్చిన మరుక్షణం ఒళ్ళు మండింది కూడా. ఆవిడ మా టౌన్‌షిప్ వదిలి వెళ్ళి చాలా ఏళ్ళయింది, నా తలలో నలుపు కన్నా తెలుపే ఎక్కువైంది, అయినా ఆవిడ పేరు తలచుకుంటే నాకు ఇప్పటికీ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: చేతులు జోడించాలనిపిస్తుంది, మూతి తిప్పుకోవాలనీ అనిపిస్తుంది. మేలు చేసిన మనిషి మీద అసూయ ఉండకూడదంటారు. అలా అనేవాళ్ళు ఆవిడను ఎరగరు. మీరూ ఎరగరు కాబట్టి చెప్తాను.

బైలడీలా ఇనుప గనుల కింద టౌన్‌షిప్‌లో మాదొక చిన్న క్వార్టర్. మా ఆయన సోమయ్య కొండ మీద డంపర్ నడిపేవాడు. ఆయనది మరైగూడ, వ్యవసాయదారుల ఇల్లు. నాది కొంటా. మా నాన్నకు అక్కడ కిరాణా కొట్టుండేది. నడక రాకముందే నేను ధనియాల బస్తా మీద కూర్చున్నదాన్నని మా అమ్మ చెప్పేది. సరుకు ఏదైనా సరే, కళ్ళు మూసుకుని వాసన చూసి అది కొత్తదో పాతదో చెప్పగలనని నాకు కాస్త గర్వం కూడా. ఆ గర్వం సంగతి తర్వాత వస్తుంది.

మా ఆయన కడుపు ఎప్పటినుంచి చెడిందో సరిగ్గా చెప్పలేను. ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, వేళాపాళా లేని పరుగులు. కొండ మీద డంపర్‌లో కూర్చున్నవాడు పరిగెత్తడానికి చోటెక్కడ? అందుకని డ్యూటీ ఉన్న పూట తిండే మానేసేవాడు. ప్యాంటు నడుమున నిలవక బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడుచుకునేవాడు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. అవి ఎన్ని మింగినా ముఖం తెల్లగానే ఉండేది. రోజూ ఇనుప రాయిని ఎత్తి మోసే మనిషి ఒంట్లో ఇనుము నిలవడం లేదని కాలనీలో నవ్వుకునేవారు. నేనూ వాళ్ళతో నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. డంపర్ నడిపేవాళ్ళకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. అందులో అన్‌ఫిట్ అంటే బండి దింపేస్తారు. "ఆ బండి దిగితే నేనేంది మరి?" అనేవాడు మా ఆయన. ఆయన భయమంతా ఆ ఒక్క మాటలో ఉండేది.

జగదల్‌పూర్‌లో పేరున్న ఒకాయనకు చూపించాం. కడుపు నొక్కి చూసి, పాత కాగితాలు తిరగేసి, ఐబీఎస్ అన్నాడు. పేగుల్లో రోగమేమీ లేదట. మనసు మీది ఒత్తిడి పేగుల మీద పడుతోందట. "ఘర్ మే కోయీ టెన్షన్?" అని ఇంటి గొడవల గురించి మా ఆయన్ని అడిగి, నా వైపు చూశాడు. ఆ చూపును నేను ఈ జన్మకు మరచిపోను. ఆ రోజు నుంచి అందరిదీ అదే చూపు. కుళాయి దగ్గర ఆడవాళ్ళదీ, మా ఆయనతో డ్యూటీకి వెళ్ళేవాళ్ళదీ, చివరికి మా అత్తమ్మదీ. గయ్యాళి పెళ్ళాం ఉన్న మగవాడికి వచ్చే జబ్బు ఐబీఎస్ అని ఊరంతా తేల్చేసుకుంది. అదే డాక్టరు అన్నం గ్యాస్ చేస్తుంది, అది మాని గోధుమ రొట్టెలు తినమన్నాడు. నేను పక్క క్వార్టర్‌లోని భిలాయి ఆవిడ దగ్గర కూర్చుని రొట్టె చేయడం నేర్చుకున్నాను. నా రొట్టె పెనం మీద పూరీలా పొంగేది. ఆయన వద్దనకుండా తినేవాడు, మరింత చిక్కిపోయేవాడు.

అలాంటి రోజుల్లో మైన్ ఆసుపత్రికి వసుంధర గారు వచ్చారు. విజయనగరం వైపు మనిషి. పొడుగు, గంజి పెట్టిన నేత చీర, బుగ్గన ఎప్పుడూ లవంగం, గది బయటికి వినబడే గొంతు. ఓపీడీలో మా వంతు వచ్చి లోపలికి వెళ్తే నా వైపు చూడనే లేదు. మా ఆయన్ని కూర్చోబెట్టి, "నిన్న నిద్ర లేచినప్పటి నుంచి ఏమేం తిన్నావో చెప్పు. చాయ్‌లో ముంచుకున్నది కూడా వదలకు" అన్నారు.

ఇంట్లో ఊఁ అంటే మళ్ళీ ఊఁ తప్ప మాట రాని మనిషి, ఆవిడ ముందు గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. చాయ్‌లో రస్కు, పొద్దున నేను చేసిన గోధుమ రవ్వ ఉప్మా, డబ్బాలో రొట్టెలు, క్యాంటీన్‌లో సమోసా. అక్కడితో ఆగాడా! దొడ్డికి వెళ్తే ఎలా వస్తుందో, ఎలా తేలుతుందో, నీళ్ళు పోసినా పోని వాసన ఎలా ఉంటుందో, అన్నీ. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముచ్చట్లలో ఒక్కటీ నా చెవిన పడలేదు. పరాయి ఆడదాని ముందు మా ఆయన మనసు విప్పి మాట్లాడుతున్నాడు, అదీ దొడ్డి గురించి, నేను పక్కన స్టూలు మీద చేతిసంచి పట్టుకుని కూర్చుని వింటున్నాను. నవ్వకండి. ఇంకే ఆడదానితో ఇంకే కబుర్లు చెప్పినా నాకంత కుళ్ళు పుట్టేది కాదేమో.

అంతా విని ఆవిడ అన్నారు: "ఐబీఎస్ కావచ్చు, కాకపోవచ్చు. ఆ పేరు పెట్టేముందు ఒక రక్త పరీక్ష చేయాలి. సీలియాక్ అని ఒక జబ్బుంది. గోధుమలో బంకలాంటి పదార్థం ఉంటుంది, అది కొందరి ఒంటికి పడదు. తిన్న కొద్దీ పేగు లోపలి పొర చెడుతుంది, తిన్నది ఒంటికి పట్టదు. పైకి చూస్తే అచ్చం ఐబీఎస్సే. మనం అన్నం తినేవాళ్ళం కదా, మనకెందుకొస్తుందని ఎవరూ దాని జోలికి వెళ్ళరు."

నాకు ఉండబట్టలేదు. "ఇంట్లో టెన్షన్ ఏమైనా ఉందా అని అడగరా మేడం?" అన్నాను.

అప్పుడు నా వైపు చూశారు. "టెన్షన్ లేని ఇల్లెక్కడుందమ్మా? దానికి మనిషి రక్తం తగ్గిపోదు."

ఆ మాటకు నా గుండెల మీంచి బండరాయి దిగింది. ఎవరి మాట వల్ల దిగిందా అని చూస్తే మళ్ళీ ఆవిడే. దారిలో మా ఆయన్ని పట్టుకున్నాను. "గివన్నీ నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

"అడగకుంటే చెప్పవా?"

"ఆమె మంచిగ అడిగింది," అన్నాడు. ఇంటిదాకా నేను ఆయనకు రెండడుగులు ముందే నడిచాను.

ఆ పరీక్ష మా ఆసుపత్రిలో లేదు. రక్తం విశాఖపట్నం పంపాలి. అందుకు ఏర్పాటు చేయడానికి కొంత సమయం పడుతుందన్నారు. ఈలోగా మా ఆయన నీరసంతో సెలవు పెట్టి మరైగూడ వెళ్ళాడు. మా పాపకు బడి ఉంది కాబట్టి నేను వెళ్ళలేదు. వానలు పట్టుకుని వాగులు పొంగి, అక్కడే చాలా రోజులు ఉండిపోయాడు. మా అత్తమ్మ సంగతి చెప్పాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళే మనిషంటే ఆవిడ లెక్కలో పథ్యం మొదలైనట్టే. మందు ఇంకా ఇవ్వకపోయినా సరే, పరీక్షయినా సరే, ముందు పథ్యం. పాత బియ్యం గంజి, మెత్తటి అన్నం, పోపు లేని మిరియాల చారు, కాల్చిన ఉప్పు. పిండి వంటలు ముట్టకూడదు. మా వైపు ఇళ్ళన్నిటిలో ఇదే పద్ధతి, నా పుట్టింట్లోనూ ఇంతే.

ఆయన తిరిగొచ్చేసరికి నేను గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలు పూడాయి. కళ్ళకింద నలుపు పోయింది. వెనకాలే పాత బియ్యం మూటతో అత్తమ్మ దిగింది.

"చూసినవా? నా దగ్గర ఉంటే ఎట్లున్నడో నా కొడుకు," అంది గడపలోనే. "ఒక్కనాడు కడుపు నొయ్యలే. నీ రొట్టెలు నీ దగ్గరనే పెట్టుకో."

ఎదురుగా మనిషి కళకళలాడుతున్నాడు. భర్త కోలుకుంటే సంతోషించని ఆడది ఉంటుందా అని మీరనుకుంటారు. సంతోషించాను. కానీ ఆ కండ నా చేతి తిండి వల్ల పట్టింది కాదు కదా! వంటింట్లో పొయ్యి అత్తమ్మ చేతిలోకి వెళ్ళిపోయింది. గంజి ఇక్కడా సాగింది. ఆ గంజి మీదే ఉండగా రక్తం తీసి విశాఖపట్నం రైలుకు పంపారు. రిపోర్టు వచ్చింది. జబ్బు లేదని.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు గానీ గోడలు కూడా అన్నట్టే ఉంది. రోగం లేదు. తల్లి దగ్గరుంటే బాగుంటాడు, పెళ్ళాం దగ్గరుంటే చిక్కిపోతాడు. ఇక టెన్షన్ ఎవరో వేరే చెప్పాలా? అత్తమ్మ పాపకు జడ వేస్తూ, "నేను ఈడనే ఉంట తియ్యి," అంది. మర్నాడు పొద్దున్నే నేనొక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. గొడవ పడడానికే వెళ్ళాను.

"మీ పరీక్ష మంచి పనే చేసింది మేడం. ఇప్పుడు అందరికీ రుజువైంది, మా ఆయనకు రోగం నేనేనని," అన్నాను.

ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి, "కూర్చో. మీ ఆయన ఊళ్ళో ఏం తిన్నాడు?" అన్నారు.

"గంజి, అన్నం, చారు."

"రొట్టెలు?"

"మా అత్తమ్మ పథ్యంలో రొట్టెలుంటాయా?"

"ఇక్కడికొచ్చాక?"

"ఇక్కడా గంజే. పొయ్యి నా చేతిలో లేదు కదా."

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. లవంగం బుగ్గ మార్చారు. ముఖమంతా వెలుగు. "చూశావా, ఆ ప్రశ్న రక్తం తీసేముందు నేనడగాల్సింది. గోధుమ తింటూ ఉంటేనే ఈ పరీక్షలో జబ్బు బయటపడుతుంది. మానేసి కూర్చుంటే ఒళ్ళు సర్దుకుంటుంది, రక్తంలో ఆనవాళ్ళు తగ్గిపోతాయి. మీ అత్తగారి గంజి మీ ఆయన్ని బాగుచేసింది, నా పరీక్షను చెడగొట్టింది." తప్పును కూడా అంత సంతోషంగా ఒప్పుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు అది కూడా నచ్చలేదు. నేనైతే అలా ఒప్పుకోగలనా అని.

తర్వాత చెప్పిన మాటే కష్టమైనది. మళ్ళీ నెలన్నర పాటు రోజూ రొట్టెలు తినాలి, ఆ తర్వాత మళ్ళీ రక్తం ఇవ్వాలి. "నీ చేత్తో పెట్టాలి. మీ అత్తగారైతే కొడుకు మెలికలు తిరుగుతుంటే చూడలేక గంజి పోసేస్తుంది. నువ్వు పొయ్యవు."

"నాకు మాత్రం ప్రాణం లేదా మేడం?"

"ఉంది. దానితో పాటు రోషం కూడా ఉంది. నువ్వు చేస్తావు."

మనిషిని అంత సూటిగా చదివేస్తే కోపం రాదా? వచ్చింది. చేశాను. తింటే బాధ పడతాడని తెలిసి, ప్రతి పూటా పిండి తడిపి, ఒత్తి, కాల్చి ఆయన కంచంలో వేశాను. అత్తమ్మ నాతో మాట్లాడడం మానేసింది. పూడిన బుగ్గలు మళ్ళీ లోపలికి పోయాయి. ఒక మధ్యాహ్నం ఆయన కడుపు పట్టుకుని మంచం పట్టీకి తల ఆనించి, "ఇంక చాలు, నాతోని అయితలేదు," అన్నాడు. రెండో రొట్టె కంచంలో అలాగే ఉంది. తీసేద్దామని చెయ్యి కంచం దాకా పోయింది. ఆయనే కాసేపటికి లేచి, "మేడం తినమంది కదా," అని ముక్క తుంచుకున్నాడు. నా కోసం ఎన్నడూ పడని కష్టం ఆవిడ మాట కోసం పడుతున్నాడని కడుపు రగిలిపోయింది. తిన్నాడు కదా అని కన్నీళ్ళూ వచ్చాయి. అవి ఏ కన్నీళ్ళో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఈసారి రిపోర్టులో జబ్బు కొట్టొచ్చినట్టు కనబడింది. విశాఖపట్నం తీసుకెళ్ళి, గొట్టం వేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూశారు. సీలియాకే. ఇక జన్మలో గోధుమ, మైదా, రవ్వ, బార్లీ ముట్టకూడదు. మందంటూ లేదు, అదే మందు. వసుంధర గారు ఆ మాట ఆసుపత్రిలో చెప్పి ఊరుకోలేదు. మా క్వార్టర్‌కు వచ్చి, చెప్పులు బయట విడిచి, నేరుగా వంటింట్లోకి నడిచారు. అత్తమ్మ కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోకుండా అటక మీది డబ్బాలన్నీ దింపించి, ఒక్కొక్క మూత తీసి చూశారు. నా డబ్బాలు! మా ఆయన కూడా చెయ్యి పెట్టని డబ్బాలు. సేమ్యా పక్కకు వెళ్ళింది. రవ్వ వెళ్ళింది. గోధుమ పిండి అంటిన జల్లెడ కూడా వెళ్ళింది. చివరికి ఇంగువ డబ్బా చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు పైకి తోసి, దాని మీది అక్షరాలు చదివారు.

"ఇందులో గోధుమ పిండి కలుపుతారు, శారదా. మన ఇళ్ళల్లో చారులో రోజూ పడేది ఇదే."

చిన్నప్పటి నుంచి మా కొట్టులో ఇంగువ పొట్లాలు కట్టినదాన్ని. వాసనతో సరుకు చెప్పేదాన్ని. ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో ఒక్కనాడూ చదవలేదు. నా వంటింట్లో, నా సరుకులో, నాకు తెలియనిది ఆవిడ వచ్చి చూపించి వెళ్ళింది. అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "డాక్టరమ్మ డాక్టరమ్మనే," అని మురిసిపోతోంది. ఇంగువ డబ్బా బయట పారేసి వచ్చి, ఆ పూట వెల్లుల్లి వేసి చారు పెట్టాను. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం రుచి తెలియలేదు.

కొన్ని నెలలకే మా ఆయన ముఖంలో రక్తం కనబడింది. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గాడు. డంపర్ ఎక్కాడు. కాలనీలో ఎవరి చూపూ నా మీద ఆగడం లేదు. కథ అక్కడ అయిపోతే నాకు ఇంత మండేది కాదు. ఈ జబ్బు రక్తంలో వస్తుంది, దగ్గరి వాళ్ళకూ పరీక్ష చేయాలని ఆవిడ మా అందర్నీ రమ్మన్నారు. పాప ముందు, దాని వెనక అత్తమ్మ, చివర నేను. పాప ఏడవకుండా చెయ్యి ఇచ్చింది. సూది చూసి భయపడిన అత్తమ్మ కూడా మా ఆయన భుజం పట్టుకుని ఇచ్చింది. నేను గాజులు పైకి తోసుకుని స్టూలు మీద కూర్చున్నాను.

"నీకు అక్కర్లేదు శారదా," అన్నారు వసుంధర గారు. "నువ్వు రక్తసంబంధం కాదుగా."

మామూలుగానే అన్నారు, నిజమే అన్నారు. నేను గాజులు కిందికి జార్చుకుని లేచాను. పాపకు ఇప్పటికి ఏమీ లేదని, కొన్నేళ్ళకు మళ్ళీ చూడాలని వచ్చింది. అత్తమ్మకు ఉందని తేలింది. ఆవిడ బాధపడుతుందేమో అనుకున్నాను. మా వరసలో ఉన్న ప్రతి క్వార్టర్‌కూ వెళ్ళి, "నా కొడుక్కు నా నుంచే వచ్చింది," అని చెప్పుకొచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లీ కొడుకూ ఒకే రకం జొన్నరొట్టె తింటూ, ఒకే రకం నొప్పి గురించి చెప్పుకుని నవ్వుకుంటుంటే, జబ్బు మీద కూడా అసూయ పడవచ్చని నాకు తెలిసింది. మర్నాటి నుంచి నేను గోధుమ మానేశాను. ఎవరూ మానమనలేదు. ఎవరికీ చెప్పలేదు. నా కోసం చిన్న డబ్బాలో దాచుకున్న పిండిని భిలాయి ఆవిడకు ఇచ్చేశాను. ఎందుకు మానానని అడిగితే చెప్పడానికి నా దగ్గర వైద్యమేమీ లేదు.

వసుంధర గారు రిటైరై వెళ్ళేరోజు మహిళా మండలి వాళ్ళు భోజనం పెట్టారు. తెలుగువాళ్ళు, హిందీవాళ్ళు, హల్బీ మాట్లాడే ఆయాలు, అందరం బారులుగా కూర్చున్నాం. నన్ను ఆవిడ పక్కనే కూర్చోబెట్టారు. వడ్డించే అమ్మాయి వేడి పూరీల బుట్ట పట్టుకుని వచ్చింది. నేను విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏందక్కా, ఒక్కటన్నా తినవా?"

"వద్దమ్మా. నాకు పడదు," అన్నాను.

అన్నాక గానీ గుర్తు రాలేదు. నా ఒంట్లోంచి ఒక్క చుక్క రక్తం ఎన్నడూ పరీక్షకు వెళ్ళలేదని తెలిసిన మనిషి నా పక్కనే ఉంది. రిపోర్టులో లేనిది ఉందనీ, ఉన్నది లేదనీ ఎవరి కోసమూ చెప్పని మనిషి. నీకేం కాదు, శుభ్రంగా తిను అని నలుగురిలో ఆ పెద్ద గొంతుతో అంటుందని తల దించుకున్నాను. ఆవిడ తినడం ఆపి నా వైపు తిరిగారు. తర్వాత నా చెయ్యి పక్కన తన చెయ్యి కూడా అడ్డం పెట్టి, ఆ అమ్మాయితో అన్నారు:

"ఆవిడకి వెయ్యకు. వాళ్ళ ఇంట్లో పడదు."

అన్నం తెప్పించి నాకు దగ్గరుండి వడ్డించారు. పెరుగు కలుపుకుంటూ నేను తల ఎత్తలేదు. మా ఆయన ఆవిడతో ఏం చెప్పాడో, ఆవిడ కోసం ఎంత తిన్నాడో, అవన్నీ నాకు ఇంకా గుర్తే, ఇంకా మండుతూనే ఉంది. గోధుమ మాత్రం ఈ రోజుకీ ముట్టను. ఎవరైనా ఎందుకని అడిగితే, డాక్టరమ్మ చెప్పింది అంటాను.